ఆకు రాయి

"పో బిడ్డా, తల్లిగారింటికి పోయి నాల్గొద్దులు ఉండి రా. పోక ఎన్నొద్దులాయె. ఇంట్ల పని మేం చూసుకుంటం తీ" అంది మొగిలవ్వ.

కండెలు చుడుతున్న స్వర్ణలత చెయ్యి ఆగిపోయింది. విన్నది అత్త గొంతేనా అని తలెత్తి చూసింది. మొగిలవ్వ గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అదీ వింతే, చిక్కుడుకాయలు కూడా కోడలి పనే. పెళ్లయి సిరిసిల్ల వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో తల్లిగారింటి ప్రయాణమంటే ముందు అడిగి, తర్వాత అలిగి, చివరికి 'పొద్దుగూకే యాళ్లకు ఇంట్ల ఉండాలె' అనిపించుకుని బయల్దేరే వ్యవహారం. అడగకుండానే వరమిస్తే ఏ మనిషైనా కాస్త అనుమానించాలి. స్వర్ణలతకు ఆ తెలివి లేకపోయింది. పిచ్చిది, కళ్లలో నీళ్లు తిప్పుకుంది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడుస్తాయి. వాటిలో అటూ ఇటూ తిరిగే నాడెల్లోకి నూలు కండెలు చుట్టి అందించడం ఆమె పని. బయటి మనిషి చేస్తే దానికి కూలి అని పేరు. కోడలు చేస్తే 'మన పనే గదా' అని పేరు. వంట, బట్టలు, సాంచెల మీద పనిచేసేవాళ్లకు పొద్దునా సాయంత్రం చాయ్, అత్త మోకాళ్లకు తైలం, అన్నీ 'మన పనే'. ఆ 'మన' అన్న మాట పనుల దగ్గరే వినపడేది. గేటు మీద బోర్డులో మాత్రం 'మధుకర్ టెక్స్‌టైల్స్' అని భర్త పేరొక్కటే ఉండేది.

బ్యాగు సర్దుకుని, వెళ్లే ముందు ఇంటి పక్కనున్న అర్ర గదిలోకి ఒకసారి తొంగి చూసి, "అత్తమ్మా, గా అర్రలకు ఎవర్నీ పోనియ్యకు. రాయి మీద ఏం పెట్టనియ్యకు. మేడం బుధారం వస్తది" అంది.

"అయ్యో, నేను లేనా?" అంది మొగిలవ్వ. చిక్కుడుకాయల మీద నుంచి తల మాత్రం ఎత్తలేదు.

వేములవాడ మీదుగా కోరుట్ల పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎవరికీ చాయ్ పెట్టాల్సిన పని లేకుండా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. చేతులేమో నూలు కోసం వెతుకుతున్నట్టు ఊరికే కదులుతున్నాయి. మనసు మాత్రం అర్రలో ఉన్న రాయి చుట్టూ తిరుగుతోంది.

ఈ రాళ్ల గోల ఎక్కడ మొదలైందంటే, బొగ్గు కుప్ప దగ్గర. వాళ్ల వాడ చివర ఒక అద్దకం బట్టీ ఉంది. దాని బాయిలర్‌కు గోదావరి దిక్కు నుంచి లారీల్లో బొగ్గు వస్తుంది. మండని రాతిముక్కలను ఏరి వాడలో గుంతలు పూడ్చడానికి పోస్తారు. కూతురు రచన చిన్నగా ఉన్నప్పుడు వాన కాలంలో ఇంటి ముందు గుంతలో అలాంటి ముక్కలు వేస్తుంటే, ఒకటి కాలి కింద రెండు పలకలుగా విచ్చుకుంది. లోపల మామిడాకంత ఆకు. నడిమి ఈనె, దాన్నుంచి వలలాగా అల్లుకున్న సన్నని ఈనెలు, అంచుతో సహా అంతా ఉంది. స్వర్ణలత బురదలోనే కూర్చుండిపోయింది. కోరుట్లలో డిగ్రీ చదివేటప్పుడు బాటనీ రికార్డులో ఇలాంటి ఆకు బొమ్మను పెన్సిలుతో గీసింది. తర్వాత పెళ్లయింది, ఆ రికార్డు ఏ అటక మీద చెదలు పట్టిందో తెలియదు. ఇప్పుడు అదే ఆకు ఎన్ని కోట్ల సంవత్సరాలు భూమి లోపల నడిచి వచ్చిందో గానీ, సరిగ్గా ఆమె కాలి కిందికే వచ్చి తెరుచుకుంది. తన కోసమే వచ్చిందని ఆమె నమ్మింది. నమ్మడానికి ఇంకేం ఉన్నాయి గనక?

అప్పటి నుంచి నూలు కోన్లు వచ్చే అట్టపెట్టెల్లో ఆకు రాళ్లు చేరడం మొదలైంది. మొదట్లో చేసిన పొరపాటు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. రాయి పొరలు పొరలుగా రాలిపోతుంటే పడుగుకు పెట్టినట్టు దానికి గంజి పెట్టింది. సాలోళ్ల ఇంటి ఆడపిల్లకు గట్టిపడాలంటే గుర్తొచ్చేది గంజే కదా. వారం తిరగకుండా బూజు పట్టి, బొద్దింకలు చేరి, మొదటి ఆకులో సగం పోయింది. పదిమందీ నవ్వారు. ఆమె ఫోన్లో వెతికి, రాళ్లు సేకరించేవాళ్ల గుంపులో చేరి, అడిగి అడిగి నేర్చుకుంది. రాయిని ఎండలో పెట్టకూడదని, నీడన నెమ్మదిగా ఆరనివ్వాలని, నీళ్లలాగా పలుచన చేసిన ఫెవికాల్‌ను కుంచెతో తడపాలే తప్ప పూయకూడదని. కరెంటు పోతే సిరిసిల్లలో అందరూ తిట్టుకుంటారు, సాంచెలు ఆగిపోతాయి గనక. స్వర్ణలత మాత్రం లోపల్లోపల సంతోషపడేది. సాంచెలు ఆగితే కండెలూ ఆగుతాయి. ఆ కాస్సేపూ కుట్టుసూదితో, పాత పళ్ల బ్రష్‌తో ఆమె తన రాళ్ల ముందు కూర్చునేది.

"మా ఆమెకు బంగారం పిచ్చి లేదు, రాళ్ల పిచ్చి. అదృష్టవంతుణ్ని" అని మధుకర్ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు. అతను చెడ్డవాడు కాదు. అదే చిక్కు. తాగి కొట్టే మనిషి అయితే చెడ్డవాడని వేలెత్తి చూపొచ్చు. మధుకర్ మెత్తగా మాట్లాడతాడు, పండక్కి చీర తెస్తాడు, 'నీ ఇష్టం' అంటాడు. ఆ 'నీ ఇష్టం' వినే కదా ఆమె ఇంత దూరం వచ్చింది.

పెద్ద రాయి సంగతి చెప్పింది బొగ్గు లారీ నడిపే హన్మండ్లు. "అక్కా, జగిత్యాల దాటినంక గోదారి ఒడ్డుకు మా మేనత్త ఊరున్నది. గాడ బట్టలుతికే బండ కింద గిసొంటి ఆకే ఉంది. గని మనిషంత ఉంటది" అన్నాడు. మధుకర్ బట్టల మూటలు మోసే వ్యాను తీశాడు. ఇద్దరూ పోయారు. హన్మండ్లు మేనత్త గంగమ్మ బండ మీద దుప్పటి బాదుతోంది. "మా మామ మంథని దిక్కుకెళ్లి ఎడ్లబండి మీద తెచ్చిండట. బోర్లేసే ఉంచినం, కింది దిక్కు గరుకు గరుకుంటది, ఉతకరాదు" అంది. నలుగురు పట్టి తిరగేశారు.

స్వర్ణలత బండ పక్కన చతికిలబడి చూసింది. ఆమె నిలబడితే ఎంతో అంత పొడవు మట్ట. ఈత మట్టలాగా రెండు వైపులా వరసగా ఆకులు, వేలంత లావు కాండంతో సహా. కాండం రాతి మీద ఉబ్బెత్తుగా ఉంది, చెయ్యి పెడితే తగిలేంత. ఈత చెట్టు కాదది. ఈత చెట్లు ఇంకా పుట్టని కాలపు చెట్టు.

"నాకు ఉతుకను బండ గావాలె. ఇంకోటి తెచ్చి ఏసి దీన్ని తీస్కపోండ్రి" అంది గంగమ్మ. ఆ అడగడంలో న్యాయం ఉంది. మధుకర్ మరుసటి వారమే నున్నటి గ్రానైట్ బండ తెప్పించి వేయించాడు, గంగమ్మ దాని మీద చెయ్యేసి మురిసిపోయింది. ఆకు బండను వ్యానులోకి ఎక్కిస్తుంటే మూడు ముక్కలుగా విడిపోయింది, అంతకుముందే లోపల పగుళ్లున్నాయి. స్వర్ణలత ముఖం చూసి మధుకర్, "ఏడువకు. అతికిద్దాం తీ. మన రాయి గదా" అన్నాడు. దారి పొడుగునా ఆమె ఆ మాటను నోట్లో బెల్లం ముక్కలాగా దాచుకుంది. 'మన' అన్నదాంట్లో ఎవరి వాటా ఎంతో అడగాలని ఎవరికి తడుతుంది?

పక్క అర్ర ఖాళీ చేసింది. నేల మీద ఇసుక పరుపు వేసింది. మామ కాలంలో విప్పేసిన చేమగ్గం కర్రలతో వడ్రంగి చేత చట్రం చేయించింది. మూడు ముక్కలనూ ఒక్కొక్క ఈనె కలిసేలా జరిపి జరిపి అతికించింది. ఆకుల సందుల్లో ఇరుక్కున్న సబ్బు నురగ, మట్టి, పాచి సూదిమొనతో తీసింది. ఎన్ని మధ్యాహ్నాలు పట్టిందో ఆమె లెక్క పెట్టుకోలేదు. ఒక్క ఆకు కూడా ఆమె చేతిలో రాలలేదు, అదొక్కటి మాత్రం ఆమెకు బాగా తెలుసు.

రాళ్ల గుంపులో ఆమె పెట్టిన ఫోటోలు చూసి హైదరాబాద్ నుంచి సంధ్యారాణి ఫోన్ చేసింది. ఆమె బాటనీ ప్రొఫెసర్, జీవితమంతా రాతి చెట్ల మీదే పనిచేసిన మనిషి. "స్వర్ణలత గారూ, ఇంత పెద్ద మట్ట, కాండంతో కలిసి, నేను చూడలేదు. ఇక దాన్ని ముట్టుకోకండి, కదిలించకండి. బుధవారం నేనే వస్తాను. దీని మీద నేను రాసే వ్యాసంలో కనుక్కున్నదీ, కాపాడిందీ మీరేనని ఉంటుంది. మ్యూజియంలో పెట్టిన రోజు దాని పక్కన కూడా మీ పేరే ఉంటుంది" అంది. ఫోన్ పెట్టేశాక స్వర్ణలత వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడి, 'స్వర్ణలత, సిరిసిల్ల' అని మెల్లగా చదువుకుంది. ఎవరి కోడలో, ఎవరి భార్యో, ఎవరి తల్లో చెప్పకుండా తన పేరు అంత పొట్టిగా, అంత నిండుగా ఉండగలదని ఆమెకు అంతవరకూ తెలియదు.

కోరుట్లలో సత్యవ్వ బిడ్డను చూసి పొంగిపోయింది. తలకు నూనె పెట్టింది, మక్క గారెలు చేసింది, మంచం మీద నుంచి లేవనివ్వలేదు. రెండో రోజు బయల్దేరతానంటే, "ఇంకొక్కరోజు ఉండరాదే" అంది. మూడో రోజూ అదే మాట. ఇంటికి ఫోన్ చేస్తే మధుకర్, "రెస్టు తీసుకో స్వర్ణా, ఎప్పుడన్న తీసుకున్నవా?" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడు! అమ్మ ఒళ్లో తలపెట్టుకుని, 'అందరూ నన్ను తప్పుగా అర్థం చేసుకోలేదు, నేనే వాళ్లను తప్పుగా అర్థం చేసుకున్నాను' అని కూడా అనుకుంది. ఆ మాట తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసింది.

మంగళవారం పొద్దున కరీంనగర్ హాస్టల్ నుంచి కూతురు రచన ఫోన్ చేసింది.

"మమ్మీ, చెప్పనే లేదేంది నాకు? మన రాయి పెద్దసారు గెస్ట్‌హౌస్‌ల పెట్టిండ్రట గదా. డాడీ స్టేటస్ సూసిన. గని ఆకులేవీ కనిపిస్తలెవ్వు, ఫోటో మంచిగ రాలేదా?"

స్వర్ణలత భర్త స్టేటస్ తెరిచింది. ఆమెకేమీ కనపడలేదు. ఆమె చూడకుండా పెట్టాడు. అంత జాగ్రత్తపడ్డవాడు కూతురి సంగతి మరిచాడు. రచన పంపిన ఫోటోలో మధుకర్ శాలువా కప్పుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన అందరూ పెద్దసారు అని పిలిచే నాయకుడు. వేములవాడలో కొత్తగా కట్టిన గెస్ట్‌హౌస్ వాకిట్లో, ఇద్దరి మధ్య నిలబెట్టిన బండ ఒకటి తళతళా మెరుస్తోంది.

సత్యవ్వ పొయ్యి దగ్గర నుంచి చూస్తోంది. ఏమైందని అడగలేదు. అడగకపోవడమే జవాబు.

"నీకు ఎరుకేనా అవ్వా?"

"అల్లుడు ఫోన్ చేసిండు బిడ్డా. 'అత్తమ్మా, జర నాల్గొద్దులు ఆపు, ఆమె ఉంటె లొల్లి చేస్తది' అన్నడు. గంత మర్యాదగ అడిగితె నేనేమంట? మున్సిపల్ టికెట్ వస్తదట, మీ సంసారానికే మంచిది గదా అనుకున్న. రాయే గదా బిడ్డా."

"నా నెత్తికి నూనె పెట్టింది గూడ గందుకేనా?"

"గట్లంటవేందే..." అని సత్యవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. స్వర్ణలతకు జాలి కలగలేదు. మొగుడు మోసం చేస్తే ఏడవడానికి తల్లి ఒడి ఉంటుందంటారు. ఆ ఒడిని కూడా ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. అత్త చిక్కుడుకాయలు, అమ్మ గారెలు, మొగుడి 'రెస్టు తీసుకో', జీవితంలో మొదటిసారి అందరూ కలిసి ఆమెను కూర్చోబెట్టారు. కూర్చోబెట్టింది లేవకుండా ఉండటానికి. పనిచేయించుకుని ఏడిపించినప్పుడు కూడా ఇంత నొప్పి కలగలేదామెకు. అప్పుడు కనీసం ఏది ఏమిటో తెలిసేది.

బ్యాగు తీసుకుని బస్సెక్కింది. కథలాపూర్ దాటింది, చందుర్తి దాటింది, ఆమెకు ఏ ఊరూ కనపడలేదు. వేములవాడలో దిగి, గుడికి పోయే జనంలో అడ్డంగా నడిచి, అడుగుతూ అడుగుతూ గెస్ట్‌హౌస్‌కు చేరింది. వాచ్‌మన్ ఎవరని అడిగితే "ఈ బండ మా ఇంటిదే" అంది. అతను కుర్చీలోంచి లేచి దారి ఇచ్చాడు.

బండను సిమెంటులో నిలబెట్టారు. పక్కన ఇత్తడి పలక మీద 'బహూకరణ: మధుకర్ టెక్స్‌టైల్స్, సిరిసిల్ల' అని ఉంది. స్వర్ణలత చెయ్యి చాచింది. ఉబ్బెత్తు కాండం మీద చెయ్యి పెట్టబోయింది, చెయ్యి జారిపోయింది. కాండం లేదు. ఆకులు లేవు. కాండం ఉన్నచోట గోధుమరంగు చార ఒకటి, పాత మరకలాగా. అద్దంలాంటి నునుపులో తన ముఖం మసగ్గా కనపడింది. పైనుంచి కింది దాకా వేళ్లతో తడిమింది. అడుగున, సిమెంటు దగ్గర, మిషన్ అందని మూల బెత్తెడు మేర నాలుగు ఆకులు మాత్రం గరుకుగా తగిలాయి.

"మస్తు మెరుస్తుంది గదమ్మా. గ్రానైట్ మిషన్ మీద పెట్టి పాలిష్ చేపిచ్చిండ్రట. రానోడు లేడు, ఫోటో దిగనోడు లేడు" అన్నాడు వాచ్‌మన్.

ఆమె ఆ నాలుగు ఆకుల మీదే చెయ్యి ఉంచింది. భూమి కడుపులో కోట్ల ఏళ్లు చెక్కుచెదరనిది, గంగమ్మ ఇంట్లో రెండు తరాలుగా బట్టల బాదుళ్లకు కూడా తట్టుకున్నది, తన ఇంటి నుంచి బయటికి వచ్చిన మూడు రోజుల్లో ముగిసింది. దాన్ని ఎత్తుకుపోయి ఉంటే ఎక్కడో ఉందిలే అనుకునేది. దొంగకైనా వస్తువు విలువ తెలుస్తుంది. వీళ్లు విలువ పెంచుతున్నామనుకుని చంపారు.

సిరిసిల్లలో ఇల్లు చేరేసరికి మధుకర్ అన్నం తింటున్నాడు. మొగిలవ్వ వడ్డిస్తోంది. పక్క అర్ర తలుపు తెరిచి ఉంది. ఇసుక ఎత్తేసి, నేల కడిగి, కండెలు చుట్టే మిషన్‌ను అందులోకి మార్చారు. కిటికీ దగ్గర ఆమె కూర్చునే పీట కూడా వేసి ఉంచారు. వెలుతురు బాగుంటుందని.

"వచ్చినవా? ఫోన్ చేస్తే వ్యాను పంపుదును గదా" అన్నాడు మధుకర్.

"వేములవాడల దిగొచ్చిన."

ముద్ద చేతిలోనే ఆగింది. కాసేపటికి మెల్లగా కలపడం మొదలుపెట్టాడు. "సూసినవా మరి? ఎట్లున్నది? నీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్న."

"ఎందుకు అరగదీపిచ్చినవ్?"

"అరగదీసుడేంది? పాలిష్ పట్టిచ్చిన. కోరా బట్టను ఎవరన్న కానుకిస్తరా స్వర్ణా? సాంచెల మీదికెళ్లి దిగిన బట్టను అట్లనే ఇస్తే మొకాన కొడ్తరు. ప్రాసెసింగ్‌కు పంపినంకనే గదా దానికి విలువ. గిదీ గంతే. మట్టి గొట్టుకుని ఉన్న రాయిని పెద్దసారు వాకిట్ల ఎట్ల పెడ్తం?"

అతని కళ్లలో కపటం లేదు. నిజంగానే మేలు చేశాననుకుంటున్నాడు. పుట్టినప్పటి నుంచీ బట్టనే చూసినవాడు. ఇన్నేళ్లు రాళ్ల ముందు కూర్చుని ఆమె ఏం చేస్తోందో ఒక్కసారన్నా వంగి చూసి ఉంటే, ఆ గరుకే ఆకు అని, ఆ గరుకు పోతే ఇంకేమీ మిగలదని అతనికి తెలిసేది. చూడలేదు. నవ్వుతూ పదిమందికి చెప్పుకున్నాడు గానీ చూడలేదు.

"నన్నెందుకు అడగలే?"

"అడిగితే ఇస్తుంటివా? నేనేమన్న పరాయోళ్లకిచ్చిన్నా? రేపు టికెట్ వస్తే ఎవలకు పేరు? కౌన్సిలర్ భార్య అని నిన్నే అంటరు." నీళ్లు తాగి, గొంతు తగ్గించాడు. "ఇగ జరిగిందేదో జరిగింది. రేపు గామె వస్తదంటివి గదా. ఫోన్ చేసి రావద్దని చెప్పు. అతికించిన కాడ ఇడిసి పెట్టింది, చెయ్యి జారి పగిలిందని చెప్పు. ఆడోళ్ల చేతుల పగిలిందంటె ఎవ్వరేమనరు. నా పేరు, సారు పేరు అండ్లకు రాకుంటె చాలు."

స్వర్ణలత తన చేతుల వైపు చూసుకుంది. సూదిమొనతో ఒక్కో ఆకు మీద నుంచి మట్టి తీసిన చేతులు. రాయిని తీసుకుపోయారు, మనసులో ఏడుస్తూ భరించేదేమో. అర్రను తీసుకున్నారు, అదీ భరించేదేమో, ఇన్నేళ్లుగా ఏం భరించలేదు గనక. ఇప్పుడు ఈ చేతులతో పగలగొట్టానని ఆమె నోటితోనే చెప్పాలట. తన గురించి ఈ లోకంలో ఒక్క మనిషికి ఉన్న ఒక్క మంచి అభిప్రాయాన్ని కూడా తానే పాలిష్ మిషన్ మీద పెట్టాలట.

"ఇంటి మాట బయటెయ్యకు బిడ్డా. మొగోని పరువు, నీ పరువు యేరేనా?" అంది మొగిలవ్వ. కోడలిని బిడ్డా అనడం ఈ వారంలోనే ఆమెకు అలవాటైంది.

అప్పుడే ఫోన్ మోగింది. సంధ్యారాణి. స్వర్ణలత తీసేలోపే మధుకర్ ఎడమ చేత్తో అందుకుని, స్పీకర్ నొక్కి, పళ్లెం పక్కన పెట్టాడు. చెప్పు అన్నట్టు తలాడించాడు.

"స్వర్ణలత గారూ, రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. మన రాయి ఎలా ఉంది?"

"రాయి లేదు మేడం."

"పగిలిందా అమ్మా?" అని చాలా మెల్లగా అడిగింది సంధ్యారాణి. ఆ గొంతులో కోపం లేదు. పగిలిందంటే క్షమించడానికి ఆమె సిద్ధంగా ఉంది. మధుకర్ గబగబా తలూపాడు, అవునను, అవునను అన్నట్టు.

"పగల్లే మేడం. నా చేతుల ఒక్క ఆకు రాల్లే" అంది స్వర్ణలత. "నన్ను తల్లిగారింటికి తోలి, నేను లేనప్పుడు ఎత్తుకపోయిండ్రు. మిషన్ మీద పాలిష్ పట్టిండ్రు. ఇప్పుడది వేములవాడల ఒక నాయకుని గెస్ట్‌హౌస్ ముందట ఉంది. అడుగున నాలుగాకులు మిగిలినయ్. మీరు రాండ్రి, నేనే తీస్కపోయి చూపిస్త. వ్యాసంల దొరికింది ఎట్లనో రాస్తనన్నరు గదా, పోయింది ఎట్లనో గూడ రాయుండ్రి."

"స్వర్ణా!" అన్నాడు మధుకర్. మొగిలవ్వ చేతిలోని గరిటె గిన్నెలో పడింది.

"ఎవరమ్మా? ఎవరు చేశారు?"

వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు మొగుణ్ని పేరు పెట్టి అనరు. కాగితాల మీద రాస్తారు, పిల్లలకు నేర్పుతారు, తాము మాత్రం 'రచన డాడీ' అనో, 'ఈయన' అనో, 'ఇంటాయన' అనో గడిపేస్తారు. స్వర్ణలత ఆ పేరును పైకి అన్నది జన్మలో ఒక్కసారే. పెళ్లయి మొదటిసారి ఈ ఇంటికి వచ్చిన రోజు, ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెప్తేనే లోపలికి రానిస్తామంటే, తల వంచుకుని ఎవరికీ వినపడకుండా చెప్పింది. అందరూ నవ్వారు.

ఈసారి తల వంచుకోలేదు.

"మధుకర్ మేడం. నా పెనిమిటి. రాసుకోండ్రి."